ఏడుగురు తాతలు

12 సెప్టెంబర్ 2011, సోమవారం, కోరుట్ల

అన్న దుబాయి నుంచి ఫోన్ చేశాడు. ఇవాళ వర్కినేష్ వాళ్లకు కొత్త సంవత్సరమట. ఇథియోపియా లెక్కలో 2004 ఇవాళే మొదలైంది. ఆ లెక్కన నేనింకా ఏడో తరగతిలోనే ఉన్నాను, అన్న ఇంకా దుబాయి పోనే లేదు.

వర్కినేష్ అంటే వాళ్ల భాషలో "నువ్వు బంగారం" అని అర్థమట. పేరు పెట్టి పిలిస్తే చాలు, ఒక వాక్యం పూర్తవుతుంది. ఆ సంగతి తెలిసిన రోజే ఆమె నాకు వదినె అయిపోయింది. కన్నతల్లి, మా అవ్వకు మాత్రం నెల పట్టింది. "నల్లగుంటదా?" అని ఒకసారి అడిగింది. "నువ్వేమన్న పాలమీగడవా దేవవ్వా?" అన్నాడు బాపు. అవ్వ బీడీల చాట ఒళ్లోకి లాక్కుని మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అన్నా వదినె ఒకే హోటల్లో పనిచేస్తారు. అన్న వంటింట్లో, ఆమె గదుల శుభ్రంలో. పెళ్లి అక్కడే, వాళ్ల పద్ధతిలోనే. మాకెవరికీ పాస్‌పోర్టు లేదు.

వాళ్ల పద్ధతిలో అబ్బాయి తరఫున ముగ్గురు పెద్దమనుషులు వెళ్లి పిల్లను అడగాలి. అన్నకు అక్కడ పెద్దమనుషులు ఎవరున్నారు? గంభీరావుపేట సాయిలు కాక, ఒక మలయాళీ డ్రైవరు, ఒక నేపాలీ వాచ్‌మన్. ముగ్గురూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని పోయారు. పిల్ల మేనమామ తెస్ఫాయె (తండ్రి లేడు, ఆయనే పెద్ద) తలుపు దగ్గరే "ఇవ్వం" అన్నాడట.

"గది ఆళ్ల రివాజేనట చెల్లె" అన్నాడు అన్న. "మొదలు ఇయ్యమంటరు, మనం మల్ల పోవాలె. సాయిలు కాకకు ఎవ్వలు చెప్పలె. ఆయిన మామ అంగి గల్లా వట్టిండు."

నవ్వీ నవ్వీ నాకు కడుపు నొప్పి వచ్చింది.

రెండోసారి పోతే ఒప్పుకున్నారు. కానీ తెస్ఫాయె మామ అబ్బాయి తండ్రితో స్వయంగా మాట్లాడాలట. అటు నుంచి ఇంగ్లిష్, ఇటు నుంచి తెలుగు. మధ్యలో నేను. ఇద్దరి మధ్య మాటలు చేరవేసే మనిషిని దుబాసి అంటారని లైబ్రరీ నిఘంటువులో చూశాను. ఎంత బాగుంది ఆ మాట. దుబాసి స్వప్న.

13 సెప్టెంబర్

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. జగిత్యాలలో మా కాలేజీకి తాళం పడింది. నిఘంటువు లోపలే ఉండిపోయింది.

18 సెప్టెంబర్, ఆదివారం

మాట్లాడటం అయిపోయింది. తెస్ఫాయె మామ సరే అన్నాడు. అవ్వ ఏడ్చింది. "దునియా గెలిచినవ్ చెల్లె" అన్నాడు అన్న.

బాపు చెప్పింది చెప్పాను. ఒక్కచోట కొంచెం సర్దాను. అనువాదంలో కొంత సొంతం కలవక తప్పదని మా ఇంగ్లిష్ సార్ కూడా అంటాడు.

19 సెప్టెంబర్

నిన్నటిది సరిగ్గా రాయలేదు. మళ్లీ రాస్తాను.

బాపు స్నానం చేసి, చర్చికి వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కుని, ఫోన్ ముందు పీట మీద కూర్చున్నాడు. తెస్ఫాయె మామ గొంతు నెమ్మదిగా, బరువుగా ఉంది. ఆయన ఇంగ్లిష్ కూడా నా ఇంగ్లిష్ లాంటిదే. అందుకే ఒకరికొకరం అర్థమయ్యాం. ముందు వానలు ఎట్లున్నాయని అడిగాడు. తర్వాత పశువులు క్షేమమా అని అడిగాడు.

"గొడ్లు లేవని చెప్పు" అన్నాడు బాపు. "మేమే ఉన్నమని చెప్పు."

అలాగే చెప్పాను. అవతల పెద్దగా నవ్వాడు. ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు. నేను ఇద్దరికీ నచ్చాను.

అప్పుడు అడిగాడు, అబ్బాయి ఏడుగురు తాతల పేర్లు చెప్పమని. తండ్రితో మొదలుపెట్టి పైకి ఏడు తరాలు. రెండు వైపులా ఒక్క పేరు కలిసినా వాళ్లలో పెళ్లి కుదరదట. కోరుట్లకూ ఇథియోపియాకూ ఎక్కడ కలుస్తుంది అని పక్కనుంచి అన్న నవ్వాడు. ఆయన నవ్వలేదు. "మా పిల్లలు నడక రాగానే నేర్చేది ఈ ఏడు పేర్లు. అవి చెప్పలేనివాణ్ని ఏ ఇంటివాడనుకోవాలి?" అన్నాడు.

అటు వినపడకుండా ఫోన్ చేత్తో మూసి బాపుకు చెప్పాను. బాపు మొదలుపెట్టాడు. "మొగిలి. మా నాయిన దుబ్బయ్య. మా తాత పోశాలు." అక్కడ ఆగాడు. తర్వాత బాపు చెప్పిన మాటలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"గంతే బిడ్డా. ఆ పైన నాకు ఎరుక లేదు. గడీల పనికి పిలిచిండ్రు గని మావోళ్లను పేరు వెట్టి ఎవ్వలు పిల్వలె. పిల్వని పేరు ఎన్నొద్దులు ఉంటది? గట్లనే చెప్పు ఆయినకు. సిగ్గేం లేదు."

సిగ్గు బాపుకు లేదు. నాకుంది.

సిగ్నల్ పోతోందని చెప్పి, స్పీకర్ తీసేసి, ఫోన్ చెవికి పెట్టుకుని వాకిట్లోకి నడిచాను. సిగ్నల్ పోలేదు. ఇది కూడా రాసుకోవాలి.

వాకిట్లో నిలబడి మొగిలి, దుబ్బయ్య, పోశాలు అని చెప్పాను. ఆ తర్వాత ఒక్క తడబాటు లేకుండా ఇంకో నాలుగు పేర్లు చెప్పాను. నరహరిరావు. రాజేశ్వరరావు. మనోహరరావు. వెంకట నర్సింహారావు.

అవతల ఆయన ఒక్కో పేరూ తిరిగి పలికి రాసుకున్నాడు. "మంచి ఇల్లు" అన్నాడు.

20 సెప్టెంబర్

ఆ పేర్లు నేను కల్పించినవి కావు. కల్పించినా ఇంత బరువు ఉండేది కాదేమో. గొల్లపల్లి అవతల మా పాత ఊళ్లో, బడి గోడకు ఒక రాయి ఉంది. బడికి జాగా ఇచ్చిన దొర, ఆయన తండ్రి, ఆయన తండ్రి, ఆ పైన తండ్రి. నాలుగు పేర్లు వరుసగా చెక్కారు. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాటలు అవి. బాపుకు చదువు రాదు. నన్ను ఆ రాయి ముందు నిలబెట్టి "సదువు బిడ్డా" అనేవాడు. నేను చదువుతుంటే దారిన పోయేవాళ్లను ఆపి వినిపించేవాడు.

పోశాలు తాత ఆ దొర గడీలోనే వెట్టి చేశాడు.

పేర్లే కదా. దుబాయిలో వాటిని ఎవరు పోలుస్తారు?

25 సెప్టెంబర్, ఆదివారం

పెళ్లి పనుల గురించి రాస్తాను. వేరే సంగతి రాయను.

పెళ్లి నవంబర్ ఆరున. బక్రీద్ సెలవులు కలిసొస్తాయి. శుక్రవారం అందరికీ సెలవే కానీ శుక్రవారం వాళ్లు మాంసం ముట్టరట, కోడికూర లేని పెళ్లి ఒప్పుకోరట. "గీ ఒక్కటి మన తీర్గనే ఉన్నది" అంది అవ్వ.

అన్న మోకాళ్ల దాకా వచ్చే తెల్ల బట్టలు వేసుకోవాలి. పెళ్లి ఊరేగింపు పిల్ల గుమ్మం దగ్గరికి పోతే ఆమె స్నేహితులు "రానియ్యం, రానియ్యం" అని పాడుతూ అడ్డం నిలబడతారు. లోపలికి పోయాక పెద్దవాళ్ల మోకాళ్లు ముద్దు పెట్టుకుంటారు. మరునాడు నల్ల అంగీల మీద బంగారు అంచులు. నేల మీద పచ్చగడ్డి పరిచి, పచ్చి కాఫీ గింజలను అక్కడే వేయించి, ఆ పొగను అందరికీ చూపించి కాఫీ పోస్తారు. ఇవన్నీ వదినె ఒక్కొక్కటే ఫోన్లో చెప్తుంటే నేను తెలుగులో అవ్వకు చెప్తున్నాను.

వాళ్ల చర్చి అన్నకు మళ్లీ బాప్తిస్మం ఇస్తుందట. బాపు మా సంఘంలో పెద్ద, గొడవ పెడతాడనుకున్నాం. "నీళ్లు యాడనైన నీళ్లే" అన్నాడు. "గీ వయసుల ఇంకోపాలి తానం జేస్తె పిల్లగాడేం కరుగడు."

వదినె ఫోన్ పెట్టేముందు తెలుగులో అంది: "మొగిలి, దుబ్బయ్య, పోశాలు..." నేను ఫోన్ కట్ చేశాను. చార్జింగ్ అయిపోయిందని తర్వాత చెప్పాను.

1 అక్టోబర్

బస్సులు లేవు. షేర్ ఆటోలో వేలాడుతూ జగిత్యాల పోయాను. విద్యార్థుల దీక్షా శిబిరంలో నన్ను మాట్లాడమన్నారు. "మన చరిత్ర మనమే రాసుకోవాలి" అన్నది విషయం. వారం కిందటే ఒప్పుకున్నాను, తప్పించుకోలేకపోయాను.

బాగా మాట్లాడాను. అదే బాధ. "మన తాతల పేర్లు మాపేసిన చరిత్రలు మనకొద్దు. పనికి పిలిచి పేరుతో పిలవని గడీలను అడుగుతున్నాం" అన్నాను. చప్పట్లు ఆగలేదు. మా క్లాసు మాధవి లేచి నన్ను కౌగిలించుకుంది. "యాడికెల్లి వస్తయే నీకు గీ మాటలు?" అంది.

అవి బాపు మాటలు. ఏ మనిషికి చేరవేయాల్సినవో ఆ మనిషికి చేరవేయకుండా దాచుకుని, టెంటు కింద నావిగా చెప్పుకున్నాను.

ఇంటికి వచ్చి అన్నం తినలేదు. ఎండ దెబ్బ అనుకుంది అవ్వ.

9 అక్టోబర్, ఆదివారం

అన్న ఫోన్.

"చెల్లె, పెండ్లినాడు మామ అందరి ముంగట మన ఏడుగురు తాతల పేర్లు సదువుతడట. ముందుగల్ల మనయి, ఎన్క ఆళ్లయి. బాపుకు ఫోన్ల ఇనిపిస్త. గయన్ని నీకెట్ల ఎరుకనే? నాకైతే పోశాలు కాడికే ఎరుక."

"బాపు చెప్పిండు" అన్నాను.

"మరి నాకెన్నడు చెప్పకపాయె."

అన్న ఆ రాయి కింద ఆడుకున్నాడే కానీ ఎన్నడూ చదవలేదు. బడి అంటేనే పారిపోయేవాడు.

వదినె ఏడు పేర్లూ కంఠస్థం చేసిందట. పుట్టబోయే పిల్లలకు నేర్పాలి కదా అందట.

10 అక్టోబర్

రేపు చెప్తాను. ముందు బాపుకు, తర్వాత మామకు.

11 అక్టోబర్

చెప్పలేదు. కరెంటు లేక బాపు పనిచేసే రైసుమిల్లు నడవడం లేదు, ఆయన మనసు బాగా లేదు.

14 అక్టోబర్

చెప్పలేదు. ఇవాళ బాపు మనసు బాగుంది. చెడగొట్టబుద్ధి కాలేదు.

19 అక్టోబర్

బస్సులు నడుస్తున్నాయి, బాపు మిల్లు కూడా. ఇక ఏ సాకూ లేదు.

27 అక్టోబర్, గురువారం

బాపూ నేనూ సిరిసిల్ల పోయి వచ్చాం. సమ్మె అయిపోయింది, మరమగ్గాలు తిరుగుతున్నాయి. వదినెకు తెల్ల నూలు బట్ట, ఎర్ర అంచుది, మన దగ్గరి నుంచి పంపాలని అవ్వ పట్టు. మెట్‌పల్లి నుంచి ఒకతను శనివారం దుబాయి పోతున్నాడు, తీసుకుపోతానన్నాడు.

బస్సులో చెప్పాలని బయల్దేరాను. బాపు కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా మాట్లాడాడు. ఎన్నడూ అంత మాట్లాడడు.

"మా నాయిన పేరు ఓటర్ల లిస్టుల తప్పు వడ్డది, ఎరుకేనా? దుబ్బయ్యను డబ్బయ్య అని రాసిండ్రు. సచ్చేదాక గదే. గిప్పుడు దుబాయిల, పెండ్లిల, మైకుల సదువుతరట. నా పేరు, మా నాయిన పేరు, మా తాత పేరు. ఎవడన్న అనుకున్నడా బిడ్డా?"

"లేదు బాపు" అన్నాను.

మార్కండేయులు అనే ఆయన షెడ్డులో బట్ట చూశాం. ఇరవై మగ్గాలు ఒక్కసారే కొట్టుకుంటున్నాయి, పక్క మనిషి మాట పక్క మనిషికి వినపడదు. బాపు బట్టను వేళ్లతో పట్టి చూస్తున్నాడు. అప్పుడు చెప్పాను. "బాపు, నాలుగు పేర్లు నేనే చెప్పిన. గడీ దొరలయి చెప్పిన." గొంతెత్తి చెప్పాను. అంతా చెప్పాను.

బాపు నా వైపు తిరిగి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఆఁ?"

"అంచు మంచిగున్నది అంటున్న" అని అరిచాను.

వినపడదని తెలిసే అక్కడ చెప్పాను.

6 నవంబర్, ఆదివారం

ఆరాధన అయ్యాక చర్చి వాళ్లంతా మా ఇంటికే వచ్చారు. బాపు చెల్లెలు కొమురవ్వత్త కొడిమ్యాల నుంచి వచ్చింది. ఫోన్‌ను స్టీలు గిన్నెలో పెట్టాను, గొంతు పెద్దగా వినపడేందుకు. గిన్నె చుట్టూ అందరం.

మొదట డోలు, ఆడవాళ్ల కేకలు. "రానియ్యం" పాట మొదలైంది. అటు తోపులాటలా వినిపించేసరికి అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మల్ల సాయిలు గల్లా వట్టిండా ఏంది?"

అందరూ నవ్వారు. తర్వాత సాయిలు కాక బాపు స్థానంలో కుర్చీలో కూర్చున్నాడు. అన్నా వదినె ఆయన మోకాళ్లు ముద్దు పెట్టుకున్నారు. ఆయనకు చక్కిలిగిలి అయిందట, ఫోన్లోనే చెప్పాడు. ఇల్లంతా మళ్లీ నవ్వు.

నేను ఫోన్ కట్ చేయవచ్చు. సిగ్నల్ పోయిందని చెప్పవచ్చు. చెయ్యి గిన్నె దాకా పోయింది కూడా. బాపు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఆగు, గిప్పుడే సదువుతరు."

తెస్ఫాయె మామ గొంతు. అటు డోలు ఆగింది. "జైపాల్." మా అన్న పేరు చెప్పి ఆగాడు. "మొగిలి." బాపు వీపు నిటారైంది. "దుబ్బయ్య." ఎంత చక్కగా పలికాడో. "పోశాలు." బాపు కళ్లలో నీళ్లు. అత్త బాపు భుజం పట్టుకుంది.

"నరహరిరావు. రాజేశ్వరరావు. మనోహరరావు. వెంకట నర్సింహారావు."

అవతల చప్పట్లు, కేకలు. ఇవతల ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"గవి గడీల దొరల పేర్లు గావా అన్నా?" అంది అత్త.

బాపు గిన్నెలోని ఫోన్‌ను చూస్తూనే ఉన్నాడు. నా చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు.

"దొరల పేర్లు మనోళ్లు వెట్టుకోవద్దా?" అన్నాడు. "మనోళ్లే."

వచ్చినవాళ్లకు తనే లేచి పలావు వడ్డించాడు.

7 నవంబర్

పొద్దున మిల్లుకు పోయేముందు పిలిచాడు. అవ్వ లోపల ఉంది.

"నేను చెప్పింది చెప్పినవా ఆయినకు?"

"లేదు బాపు."

"సిగ్గయిందా?"

"అయింది."

చాలాసేపు తల తువ్వాలు విప్పి చుట్టుకుంటూ ఉండిపోయాడు. తిడితే బాగుండు అనుకున్నాను.

"నా తాతలకు పేర్లు వెట్టేదుంటె నన్నడిగితె ఏంది బిడ్డా. నేను మంచియి పెడుదును."

గడప దాటి మళ్లీ ఆగాడు.

"రేపు ఆళ్లకు పిల్లలైతరు. నడక రాంగనే గవే పేర్లు నేరుస్తరు. మా తాత వీపు మీద కొట్టినోడు మా తాతకే తండ్రయితడు."

రోజంతా ఏ పుస్తకమూ తెరవలేదు. ఈ డైరీ కూడా తెరవకూడదనుకున్నాను.

9 నవంబర్, బుధవారం

ముందు అన్నకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "వర్కినేష్‌కు నేను చెప్త. మామకు నువ్వే చెప్పాలె" అని నంబరు ఇచ్చాడు.

సాయంత్రం బాపు మిల్లు నుంచి వచ్చాక, ఆయన ముందే, స్పీకర్ పెట్టి తెస్ఫాయె మామకు చేశాను. శుభాకాంక్షలు అన్నాడు, వానలు ఎట్లున్నాయన్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఇంగ్లిష్‌లో నాకు వచ్చిన మాటలన్నీ ఆ పూట పనికిరాకుండా పోయాయి. చిన్న చిన్న వాక్యాలు మిగిలాయి. ఆ నాలుగు పేర్లు మావి కావు. మా తాతతో వెట్టి చేయించుకున్నవాళ్లవి. మా నాన్న చెప్పలేదు. నేను చెప్పాను.

ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత అన్నాడు: "నేను వాటిని పూజారి ముందు చదివాను. నీ అబద్ధం నా నోటితో చెప్పించావు. ఇప్పుడు నువ్వు చెప్పేది నిజమని నేనెట్లా నమ్మాలి?"

"ఏమంటుండు?" అన్నాడు బాపు.

కోపంగా ఉన్నాడని చెప్పి ఊరుకోవచ్చు. ఉన్నదున్నట్టు చెప్పాను. నోరు అన్న మాట కూడా, అబద్ధం అన్న మాట కూడా.

బాపు తల ఊపాడు. "ఆయిన కోపం సమంగనే ఉన్నది. గట్లనే చెప్పు. పేర్లు నేను మల్ల చెప్త, రాసుకొమ్మను. నేను ఎంతంటె నువ్వు గంతే అను."

ఆయనకు చెప్పాను. సరే అన్నాడు.

"మొగిలి" అన్నాడు బాపు.

మొగిలి అన్నాను.

"దుబ్బయ్య."

దుబ్బయ్య.

"పోశాలు."

పోశాలు.

"తెల్వదు" అన్నాడు బాపు.

తెలియదు అని ఇంగ్లిష్‌లో చెప్పాను. బాపు కొంచెం ఆగాడు. "తెల్వదు" అన్నాడు మళ్లీ. తెలియదు అన్నాను.

మిగతా నలుగురి పేర్లూ తెలియవని ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. చెప్పలేదు. బాపు ఒక్కొక్క మనిషి ముందు ఆగి చెప్తున్నాడు. ఆయన ఆగినంతసేపు నేనూ ఆగాను. ఆయన అన్నప్పుడల్లా అన్నాను. నాలుగోది అటు సరిగ్గా వినపడలేదేమోనని మళ్లీ చెప్పాను.

అవతల తెస్ఫాయె మామ ఒక్కోదాన్నీ తిరిగి పలికి రాసుకున్నాడు. ఫోన్ పెట్టెయ్యలేదు.